సరిహద్దు దాటిన చెల్లింపు పద్ధతి: చిరువర్తకులకు, పంచాయతీలకు ఒక పాఠము

పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములలో మేము ఒక ప్రశ్నను తరచుగా వినుచుందుము. “మా ఊరి కిరాణా కొట్టులో ఫోనుతో డబ్బు చెల్లించుట మేమెరుగుదుము. ఆ పద్ధతి నేపాలులోనో, భూటానులోనో సాగుచున్నదని తెలిసికొన్నందువలన మాకు కలుగు ప్రయోజనమేమి?” అని సభ్యులు అడుగుచుందురు. ఇది సమంజసమైన ప్రశ్న. దీనికి సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నారుమడిలో ఉన్నంతకాలము వరి మొక్కలన్నియు ఒకే తీరున పచ్చగా కనబడును. వేరు బలము తెలియునది నాటు వేసిన తరువాతనే. చెల్లింపు పద్ధతుల విషయము కూడ ఇట్టిదే. పుట్టినచోట అలవాటు చేత మనము గమనింపని అంశములు, కొత్త దేశమున నాటినపుడు స్పష్టముగా బయటపడును. ఏది దానిని నిలబెట్టినది, ఏది లేనందున అది వాడిపోయినది అను సంగతి అచ్చట తేలును. ఆ సంగతి మన గ్రామములకు కూడ పనికివచ్చును.

పద్ధతి పుట్టుక

పూర్వము దూర ప్రాంతములకు పోవు వర్తకులు రొక్కము వెంట కొనిపోవుటకు భయపడి హుండీ వ్రాయించుకొని పోయెడివారు. ఒక పట్టణపు షావుకారు వ్రాసిన చీటీని మరియొక పట్టణపు షావుకారు మన్నించి పైకము చెల్లించెడివాడు. తరువాత వారిరువురును లెక్కలు సరిచూచుకొనెడివారు. ఆ చీటీకి విలువను ఇచ్చినది వారి మధ్యనున్న నమ్మకము. నేటి ఫోను చెల్లింపునకు కూడ మూలసూత్రము ఇదియే. షావుకార్ల స్థానమున బ్యాంకులు నిలిచినవి. చీటీ స్థానమున క్షణములో పోవు సందేశము వచ్చినది.

మన దేశములో ఈ సందేశములను నడుపుటకు, బ్యాంకుల మధ్య లెక్కలు తేల్చుటకు నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ అను సంస్థ కలదు. రిజర్వు బ్యాంకు, భారత బ్యాంకుల సంఘము కలిసి 2008లో దీనిని నెలకొల్పినవి. 2016 ఏప్రిల్ 11వ తేదీన నాటి రిజర్వు బ్యాంకు గవర్నరు శ్రీ రఘురాం రాజన్ ముంబయిలో యూపీఐ పద్ధతిని ప్రారంభించిరి. మొదట ప్రయోగముగా చేరినవి 21 బ్యాంకులు. 2016 డిసెంబరు నెలలో దేశమంతట జరిగిన యూపీఐ చెల్లింపులు సుమారు 20 లక్షలు మాత్రమే. 2025 ఆగస్టు నెలలో ఆ సంఖ్య 2000 కోట్లను దాటినది.

ఇంతటి వృద్ధికి రెండు కారణములు ముఖ్యమైనవి. మొదటిది క్యూఆర్ చీటీ. 1994లో జపానులోని డెన్సో వేవ్ సంస్థ మోటారు విడిభాగములను గుర్తించుటకై ఈ నలుపు తెలుపు గడుల గుర్తును రూపొందించినది. కార్డులు గీయు యంత్రమునకు ఖర్చుపెట్టలేని వర్తకుడు కూడ ఒక కాగితపు ముక్కను గోడకు అంటించుకొనగలడు. రెండవది రుసుము లేకుండుట. 2020 జనవరి 1వ తేదీ నుండి యూపీఐ చెల్లింపులపై వర్తకుని వద్ద రుసుము వసూలు చేయు పద్ధతి తొలగింపబడినది. ఐదు రూపాయల అగ్గిపెట్టె అమ్మువానికి పది పైసలైనను లెక్కయే గదా.

భూటాను సంతలో తొలి కొనుగోలు

ఈ పద్ధతిని ఇతర దేశములకు విస్తరింపజేయుటకై 2020 ఏప్రిల్ మాసములో ఎన్‌పీసీఐ ఇంటర్నేషనల్ అను అనుబంధ సంస్థ ఏర్పడినది. 2021 జులై 13వ తేదీన భూటానులో చెల్లింపులు ప్రారంభమైనవి. మన యూపీఐ ప్రమాణములను తన క్యూఆర్ చీటీలకు స్వీకరించిన మొదటి దేశము అదియే.

నాటి ప్రారంభ కార్యక్రమములో భారత ఆర్థికమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ ఒక వస్తువును కొని చూపిరి. ఆ వస్తువు ఏ పెద్ద అంగడిలోనిదియు కాదు. భూటాను గ్రామ సముదాయములు పండించి, తయారుచేసిన సరుకులను అమ్ము ఒక దుకాణములోని సేంద్రియ ఉత్పత్తి అది. ఆ దుకాణములను నడుపు పథకమునకు ‘ఒక గెవోగ్, ఒక ఉత్పత్తి’ అని పేరు. గెవోగ్ అనగా కొన్ని పల్లెల సముదాయము. భూటానులో ఇట్టివి 205 కలవు. ప్రతి గెవోగునకు ప్రజలు ఎన్నుకొన్న పెద్ద ఒకరుండును. మన పంచాయతీకి, సర్పంచికి ఇది దగ్గరి పోలిక. దేశాంతరమునకు పోయిన చెల్లింపు పద్ధతి మొట్టమొదట తట్టిన తలుపులలో ఒకటి గ్రామ ఉత్పత్తులు అమ్ము అంగడి తలుపు అని సభ్యులు గమనింపవలెను.

భూటానులో ఒక సౌలభ్యము కూడ కలదు. ఆ దేశపు నాణెమైన ఙుల్ట్రుమ్ విలువ మన రూపాయితో సమానముగా నిర్ణయింపబడియున్నది. కావున మారకపు లెక్కల చిక్కు అచ్చట లేదు. ఆ రోజులలో భూటానునకు ఏటేట పోవు భారతీయ యాత్రికులు 2 లక్షలకు పైబడియుండిరి. వారి కొనుగోళ్ళలో చిన్న దుకాణములకు కూడ భాగము దొరకవలెననుట ఈ ఏర్పాటు యొక్క ఆశయములలో ఒకటి.

నేపాలులో నోటు, నమ్మకము

నేపాలు కథ ఇంకను బోధకరమైనది. పశుపతినాథ దర్శనమునకు, ముక్తినాథ క్షేత్రమునకు మన జిల్లాల నుండి భక్తులు పోవుచునే యుందురు. ఆ యాత్రలు చేసినవారికి నోట్ల చిక్కు తెలియును. 2016 నవంబరులో మన దేశము 500, 1000 రూపాయల పాత నోట్లను రద్దుచేసినపుడు, వాటిని దాచుకొనియున్న నేపాలీయులు చిక్కులలో పడిరి. 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వము 100 రూపాయలకు మించిన భారతీయ నోట్లను నిషేధించినది. చేతిలో పైకమున్నను కాశీకి పోయిన కాలపు యాత్రికుని వలె చిన్న నోట్ల కట్టలు మోసికొనిపోవలసిన పరిస్థితి ఏర్పడినది. కొనదలచినవాని వద్ద డబ్బున్నది, అమ్మదలచినవాని వద్ద సరుకున్నది. నడుమ నోటు అడ్డుపడినది.

2024 మార్చిలో ఈ అడ్డంకికి ఒక మార్గము దొరకినది. నేపాలులో ఫోన్‌పే పేరుతో ఒక చెల్లింపుల సంస్థ కలదు. దీని పేరు మన దేశములోని ఒక యాప్ పేరును పోలియున్నను రెండును వేరువేరు సంస్థలు. నేపాల్ వర్తకుల బల్లలపై ఈ సంస్థ క్యూఆర్ చీటీలు అంతకుముందే కలవు. ఎన్‌పీసీఐ ఇంటర్నేషనల్ ఈ సంస్థతో ఒప్పందము చేసికొని, ఆ చీటీలనే భారతీయులు తమ ఫోనులతో చదివి డబ్బు చెల్లించునట్లు ఏర్పాటుచేసినది. నేపాల్ వర్తకుడు కొత్త చీటీ అంటించుకొనవలసిన పనిలేదు, కొత్త ఖాతా తెరువవలసిన పనిలేదు.

ఇది జరుగు తీరును ఒక ఉదాహరణతో వివరింతుము. ఖాట్మండులో పూజాద్రవ్యములు అమ్ము చిన్న అంగడిలో మన యాత్రికుడొకడు 480 నేపాలీ రూపాయల సరుకు కొనెననుకొందము. 1993 నుండి మన 100 రూపాయలకు నేపాలీ రూపాయలు 160 అను మారకము స్థిరముగా సాగుచున్నది. ఆ లెక్కన సరుకు విలువ మన రూపాయలలో 300. యాత్రికుడు చీటీని ఫోనుతో చదివి, మొత్తము చూచుకొని, రహస్య సంఖ్యను నొక్కును. మన దేశములోని అతని బ్యాంకు ఖాతా నుండి మన రూపాయలు తగ్గును. అంగడివాని ఖాతాకు నేపాలీ రూపాయలు చేరును. రెండు దేశముల సంస్థలు, బ్యాంకులు తరువాత లెక్కలు తేల్చుకొనును. బ్యాంకు మారకపు రుసుము ఏదైన కలుపవచ్చును గనుక, రహస్య సంఖ్యను నొక్కుటకు ముందు తెరపై కనబడు మొత్తమును చదువుట కొనువాని విధి. విదేశ చెల్లింపులకై అనేక యాప్‌లలో ప్రత్యేకమైన మీట ఉండును. యాత్రకు ముందు దానిని తెరచి, తిరిగివచ్చిన పిదప మూయుట క్షేమకరము.

సముద్రము దాటిన చీటీ

2024 ఫిబ్రవరి 12వ తేదీన శ్రీలంక, మారిషస్ దేశములలో యూపీఐ చెల్లింపులు ఒకేసారి ప్రారంభమైనవి. శ్రీలంకలో లంకాపే అను స్థానిక సంస్థ ద్వారా ఈ ఏర్పాటు జరిగినది. మారిషస్ విషయము మనకు మరింత ఆత్మీయమైనది. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవు మొదలగు తావుల నుండి చెరకు తోటల కూలి పనికై ఓడలెక్కిన తెలుగువారి సంతతి నేటికిని ఆ ద్వీపమున కలదు. ఉగాది అచ్చట ప్రభుత్వ సెలవుదినము. అచ్చటికి పోయిన భారతీయుడు యూపీఐ ద్వారా చెల్లించుటకు, అచ్చటి యాత్రికుడు మన దేశమునకు వచ్చినపుడు తన దేశపు యాప్ ద్వారా చెల్లించుటకు కూడ ఆనాటి ఏర్పాటు అవకాశము కల్పించినది. అనగా ఈ మార్గము ఇరువైపుల నడువదగినది. అతిథి మన ఊరి గుడి ముందర కొబ్బరికాయల కొట్టువద్ద నిలిచిననాడు ఆ చిరువర్తకుడు కూడ అంతర్జాతీయ వ్యాపారములో భాగస్వామి యగును.

వేరు పట్టని మొక్కలు

కొత్త దేశమునకు పోయిన ప్రతి పద్ధతియు ఫలించునని అనుకొనరాదు. 2007 మార్చిలో ఆఫ్రికాలోని కెన్యా దేశమున ఎం-పెసా అను ఫోను చెల్లింపు పద్ధతి ప్రారంభమైనది. బ్యాంకు ఖాతా లేని కోట్లాది ప్రజలకు అది వరముగా పరిణమించినది. పట్టణమున పనిచేయువారు పల్లెలోని తల్లిదండ్రులకు డబ్బు పంపుటకు దానిని వాడిరి. ఊరి చిల్లర దుకాణదారులే దానికి ఏజెంట్లై రొక్కము పుచ్చుకొని, ఇచ్చెడివారు. 2008లో టాంజానియాకు పోయి అచ్చటను నిలదొక్కుకొన్నది.

అదే పద్ధతి 2010లో దక్షిణాఫ్రికాకు పోయినది. అచ్చట బ్యాంకు ఖాతాలు గలవారు ఎక్కువ. డబ్బు పంపుకొనుటకు వేరు మార్గములు వారికి అప్పటికే ఉండెను. 2016లో అచ్చట దానిని మూసివేసిరి. మన దేశమున 2013లో ప్రవేశించిన ఆ పద్ధతి 2019లో ముగిసినది. ఒకచోట జనుల అక్కరను తీర్చిన పనిముట్టు మరియొకచోట అక్కరలేని బరువు కావచ్చును. నేపాలులో అవసరము ముందుండెను, చీటీలు ముందుండెను, స్థానిక సంస్థ ముందుండెను. మన పద్ధతి వాటితో చేతులు కలిపినది. పంచాయతీలు ఏ కొత్త ఏర్పాటును తలపెట్టినను ముందుగా వేసికొనవలసిన ప్రశ్న ఇదియే: ఇది ఎవరి ఏ అక్కరను తీర్చును? ఇప్పటికే ఊరిలోనున్న దేనితో కలిసి నడచును?

సంతలో మేము విన్న మాట

సరిహద్దులు దాటిన ఈ పద్ధతికి మూలాధారము నమ్మకమని పైన చెప్పితిమి. ఆ నమ్మకము ఎంత సున్నితమైనదో మాకు ఒక వారపు సంతలో తెలిసినది. అచ్చట మిరపకాయ బజ్జీలు వేయు ఒక వృద్ధురాలు కలదు. ఆమె బల్లకు క్యూఆర్ చీటీ అంటించియున్నది. ఆమె వద్ద నున్నది మామూలు ఫోను. డబ్బు చేరిన సందేశములు పట్టణములోనున్న కుమారునికి పోవును. కొన్ని వారముల తరువాత కుమారుడు ఫోను చేసి, “ఏమమ్మా, ఈ మధ్య బేరాలు తగ్గినాయా?” అని అడిగెను. బేరములు తగ్గలేదు. ఎవడో రాత్రివేళ ఆమె చీటీపై తన చీటీ నంటించి పోయెను. కొనినవారందరును నిజాయితీగానే చెల్లించిరి. ఆ డబ్బు మరియొకని ఖాతాకు పోయినది.

ఆమె మాతో చెప్పిన మాట మేము మరువలేదు. “డబ్బు పోయినందుకు అంత బాధ లేదు బాబూ. సంగతి తెలిసేదాకా, చిన్నప్పటినుంచి ఎరిగిన పిల్లల మీద అనుమానపడినాను. చెల్లించినట్లు నటించి పోతున్నారనుకొన్నాను. ఒకరిద్దరిని నోరుజారి అన్నాను కూడా.” పోయిన పైకము మరల సంపాదించుకొనవచ్చును. జారిన మాటను వెనుకకు తీసికొనుట కష్టము. ఒక చిన్న కాగితపు ముక్క ఊరివారి మధ్య ఇట్టి చిచ్చు పెట్టగలదనిన, దానిని కాపాడుట పంచాయతీ బాధ్యతలలో ఒకటి గాక మానదు.

సభ్యులు చేయదగిన పనులు

మొదటిది: ఊరిలో క్యూఆర్ చీటీలు గల అంగళ్ళను, సంత బల్లలను అప్పుడప్పుడు పరిశీలింపజేయవలెను. ప్రతి ఉదయము అంగడి తెరచినపుడు, తెలిసిన వానిచే ఒక రూపాయి పంపించి, తెరపై తన పేరే కనబడుచున్నదా యని చూచుకొనుట వర్తకునికి అలవాటు కావలెను. ఈ పరీక్షకు పట్టు కాలము అర నిమిషము.

రెండవది: డబ్బు పుచ్చుకొనుటకు రహస్య సంఖ్య అవసరము లేదని ప్రతి ఇంటికి తెలియజేయవలెను. రహస్య సంఖ్యను నొక్కినచో మన డబ్బు పోవునే గాని రాదు. “మీకు డబ్బు పంపుచున్నాము, సంఖ్య నొక్కుడు” అని చెప్పువాడు నిశ్చయముగా మోసగాడు. గ్రామసభలో ఈ ఒక్క వాక్యమును ముమ్మారు చెప్పించినను మేలే.

మూడవది: కొనినవాని ఫోను తెరను చూచి డబ్బు చేరెనని నమ్మరాదు. బొంకు తెరలు చూపువారు కలరు. పలుకు పెట్టె గాని, తన ఖాతాకు వచ్చిన సందేశము గాని వర్తకునికి ప్రమాణము.

నాలుగవది: మోసము జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఇది సైబరు నేరములపై దేశమంతట పనిచేయు సహాయ నంబరు. డబ్బు మోసగాని చేతికి చిక్కక మునుపే నిలుపుదల చేయుటకు ప్రతి నిమిషమును విలువైనదే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనినందువలన ఫలము లేదు. ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములలో వ్రాయించుట సభ్యుల తక్షణ కర్తవ్యము.

ఐదవది పంచాయతీకే సంబంధించినది. 2023 ఆగస్టు 15 నాటికి పంచాయతీలన్నియు యూపీఐ సౌకర్యము గలవి కావలెనని కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ కోరినది. ఇంటి పన్ను, నీటి పన్ను ఈ మార్గమున వసూలు చేయునపుడు చీటీ పంచాయతీ ఖాతాకు చెందినదై యుండవలెను. సర్పంచి గాని, ఉద్యోగి గాని తన సొంత చీటీని చూపి, “తరువాత జమచేసెదను” అనుట ఎంతమాత్రము తగదు. ఉద్దేశము మంచిదే యైనను, లెక్క చెడును. లెక్క చెడినచోట మాట వచ్చును. చెల్లించిన ప్రతివానికి రసీదు ఇయ్యవలెను.

ఆరవది: ఫోను లేనివారిని, చదువు రానివారిని వెనుకకు నెట్టరాదు. నోటు, నాణెము చట్టప్రకారము నేటికిని చెల్లుబాటగునవే. మామూలు ఫోనుతో కూడ చెల్లింపులు చేయుటకు 2022 మార్చిలో యూపీఐ 123పే అను ఏర్పాటు ప్రారంభింపబడినది. దానిని నేర్చుకొనగోరువారికి నేర్పవలెను. రొక్కమే ఇచ్చెదమనువారి వద్ద రొక్కమే పుచ్చుకొనవలెను.

ముగింపు

భూటాను గెవోగు దుకాణములో, ఖాట్మండు అంగడిలో, మన సంతలోని బజ్జీల బల్లపై నున్న చీటీలు చూపునకు ఒకే రీతిగా నుండును. వాటి వెనుక బ్యాంకులు, సంస్థలు, ప్రభుత్వములు చేసికొన్న ఒప్పందములు కలవు. ఐనను ఆ ఒప్పందములన్నియు చివరకు వచ్చి నిలుచునది ఒక చిరువర్తకుని బల్లవద్దనే. అచ్చట ఆమె చీటీ ఆమెదే యని చూచువారొకరు కావలెను. ఆ పని ఢిల్లీ నుండి గాని, ముంబయి నుండి గాని జరుగునది కాదు. ఊరిలోనున్నవారే చేయవలెను.

రాబోవు సంత దినమున సభ్యులొక్కసారి బల్లల వెంట నడచి, ప్రతి చీటీని పరీక్షింపజేయుదురని మేము ఆశించుచున్నాము. ఇందులకు నిధులు అక్కరలేదు, తీర్మానము అక్కరలేదు. ఒక ఫోను, ఒక రూపాయి, ఒక గంట తీరిక చాలును.